మంజూరైన వేలు

గొర్లవలస జనపనార మిల్లులో ఆ ఏడాది ఒక వేలు తెగాలని ఏడాది మొదట్లోనే నిర్ణయమైపోయింది. ఎవరి వేలో అప్పటికి ఎవరికీ తెలియదు. నిర్ణయించినవాళ్ళు జాతకాలు చూసేవాళ్ళు కాదు, బాగా చదువుకున్నవాళ్ళు. అందుకని ఎవరూ నవ్వలేదు.

అంతకుముందు ఆ మిల్లులో ప్రమాదాలు ఎవరికి తోచినట్టు వాళ్ళకి జరిగిపోయేవి. ఒక పద్ధతంటూ ఉండేది కాదు. ఆ వేసవిలో పెద్దాఫీసు వాళ్ళు ఉపేంద్ర అనే ప్రమాద అంచనా అధికారిని పంపించాక పరిస్థితి చక్కబడింది. ఉపేంద్ర నెమ్మదైన మనిషి. చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని, ప్రతి యంత్రం ముందూ నిలబడి రెండే ప్రశ్నలు అడిగేవాడు. ఇది ఎన్నిసార్లు ఆగుతుంది, ఎన్నిసార్లు కరుస్తుంది అని. రెండింటినీ గుణించి, వచ్చిన దాన్ని బట్టి పచ్చదో పసుపుదో ఎర్రదో ఒక స్టిక్కరు అంటించేవాడు. బాయిలరుకి పచ్చది వచ్చింది. క్యాంటీన్లో టీ కాచే డేగిసాకి పసుపుది వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ కూర్చునే స్టూలుకి కూడా పసుపుదే వచ్చింది, అతను కునుకు తీస్తాడు కాబట్టి.

సంచుల విభాగంలో గోనెపట్టా కోసే యంత్రానికి మాత్రం పళ్ళెమంత ఎర్ర స్టిక్కరు అంటించాడు. దాని కత్తికి అడ్డంగా ఉండే ఇనుప జాలీ ఎప్పుడో ఊడిపోయింది. ఆ యంత్రానికి పట్టా అందించేది తవిటమ్మ. పెద్దగా మాట్లాడని పిల్ల. ఆ స్టిక్కరు చూసి ఆమె లోలోపల సంబరపడింది. అంత ఎర్రగా అంటించారంటే రేపో మాపో జాలీ బిగించేస్తారనుకుంది.

తరువాతి వారం క్యాంటీన్ షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి ఉపేంద్ర ఫలితాలు చదివాడు.

"సంచుల విభాగమందు, కోత యంత్రము వద్ద, ఒక ఆర్థిక సంవత్సర కాలంలో ముప్పావు వేలు కోల్పోవు సంభావ్యత కలదు."

తవిటమ్మ పక్కన కూర్చున్న గురమ్మ లేచి నిలబడింది. సంచులు కుట్టే గురమ్మకి వయసులోనూ నోటిలోనూ అందరికన్నా పెద్దరికం ఉంది. తవిటమ్మ ఉండే వీధే కాబట్టి ఆమెకి అక్క వరస, అప్ప అని పిలుస్తుంది.

"ముప్పావంటే గోరు ఒగ్గేస్తారా బావూ?" అని అడిగింది.

ఉపేంద్ర ఆ ప్రశ్నకి కోప్పడలేదు. ముప్పావు అనేది సగటు అనీ, నిజంగా తెగేటప్పుడు కత్తికి సగటు తెలియదనీ ఓపిగ్గా చెప్పాడు. పెద్దాఫీసు వాళ్ళు ఇంకా ఉదారంగా ఆలోచించి ముప్పావుని ఒకటిగా సవరించారు. అలా ఆ ఏడాదికి మిల్లుకి ఒక వేలు మంజూరైంది. ఉత్తర్వు నోటీసు బోర్డు మీద క్రికెట్ పోటీల కాగితం పక్కనే అంటించారు.

జాలీ మాత్రం రాలేదు. ఎదురుచూసి చూసి, గురమ్మని తోడు తీసుకుని తవిటమ్మ ఆఫీసు గదికి వెళ్ళింది. గుమ్మం బయటే ఆగిపోయింది. గురమ్మ వీపు మీద ఒకటి చరిస్తే అప్పుడు, జాలీ బిగించమని అడిగింది.

"జాలీ బిగిస్తే వేలు తెగదు కదా?" అన్నాడు ఉపేంద్ర.

"తెగదు బాబూ. అందుకే అడుగుతన్నాను."

"తెగకపోతే నా అంచనా తప్పినట్టు. ఒక అంచనా తప్పితే మిగతావి ఎవరు నమ్ముతారు? బాయిలరు పేలదని కూడా నేనే లెక్క వేశాను. అది మాత్రం ఒప్పని ఎలా అంటావు? రేపు బాయిలరు పక్క నుంచి ఏ ధైర్యంతో నడుస్తావు?"

తవిటమ్మకి నిజంగానే బాయిలరంటే భయం. ఉపేంద్ర ఇంకొక మాట కూడా చెప్పాడు. నివారణ చర్య అనేది ప్రమాదం జరిగాక, ఆ ప్రమాదానికి తీసుకునేదట. జరగని ప్రమాదానికి నివారణ చర్య తీసుకోవడం వైద్యుడు రోగి లేకుండా ఆపరేషన్ చెయ్యడంలాంటిదట. ఇద్దరూ దండం పెట్టి వచ్చేశారు. దారిలో గురమ్మ ఆయన చదువుని, ఆ చదువు చెప్పినవాళ్ళని, వాళ్ళకి జీతాలిచ్చినవాళ్ళని వరసగా తిట్టుకుంటూ నడిచింది.

అయితే ఆ మీటింగు వల్ల ఒక మేలు జరిగింది. ఆడవాళ్ళంతా భయపడి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యడం మొదలుపెట్టారు. వానలు పడి వెలిశాయి, చలి వచ్చి పోయింది. మిల్లులో ఎవరి గోరూ చిట్లలేదు.

మాఘం వెళ్ళేసరికి పెద్దాఫీసు నుంచి తాకీదు వచ్చింది. మంజూరు చేసిన వేలు ఇంతవరకు వినియోగం కాకపోవడానికి కారణాలు తెలుపవలసిందని.

మార్చి నెలలో ఆఫీసుల సంగతి తెలిసినవాళ్ళకి ఆ తాకీదు బరువు తెలుస్తుంది. ఆ నెలలో మిగిలిన సున్నాన్ని వేసిన గోడకే మళ్ళీ వేస్తారు, కుర్చీలు ఉన్న గదికే మళ్ళీ కుర్చీలు కొంటారు. మంజూరైనది నెలాఖరులోగా ఖర్చు కాకపోతే లాప్సయిపోతుంది. జనరల్ మేనేజరు దండపాణి ముప్పై ఏళ్ళ సర్వీసులో గుండుసూది కూడా లాప్సవనివ్వని మనిషి. ఆయన ఉపేంద్రని, సంచుల విభాగం సూపర్‌వైజరు సన్యాసినాయుడుని పిలిచి తలుపు వేశాడు.

ఈ ఏడాదికి ఇచ్చిన వేలు వాడుకోకపోతే వచ్చే ఏడాది ఒక్కటి కూడా ఇవ్వరని దండపాణి అన్నాడు. వేలే లేనప్పుడు ప్రమాదాల శాఖ దేనికని అడుగుతారని ఉపేంద్ర అన్నాడు. ఆ శాఖలో ఉన్నది తనొక్కడే. సన్యాసినాయుడు రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

ప్రమాదం ఎవరికి జరగాలో ముందే తేలిస్తే పని తొందరగా అవుతుందని చివరికి ఒప్పుకున్నారు. యూనియన్ నాయకుడిని కూడా సంప్రదించారు. వేలు పోవడానికి ఆయన అభ్యంతరం చెప్పలేదు గానీ, ఎంపికలో పక్షపాతం ఉంటే మాత్రం సహించేది లేదని బల్ల గుద్దాడు. కాబట్టి లక్కీ డిప్పు పెట్టారు.

క్యాంటీన్ షెడ్డుకి రంగు కాగితాలు కట్టారు. మైకు పెట్టారు. సంచుల విభాగం ఆడవాళ్ళ పేర్లు చీటీలు రాసి ప్లాస్టిక్ బకెట్లో వేశారు. దండపాణి కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి, తిప్పి, ఒక చీటీ తీశాడు. తవిటమ్మ పేరు చదివారు. అలవాటు కొద్దీ అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టాక సంగతి గుర్తొచ్చి ఆపేశారు. తవిటమ్మకి ఒక స్టీలు బిందె ఇచ్చి ఫోటో తీశారు. ఫోటోలో ఆమె బిందెని గట్టిగా పట్టుకుని ఉంటుంది, పది వేళ్ళూ కనబడతాయి.

ఏ వేలన్నది కమిటీ నిర్ణయించింది. బొటనవేలు హాజరు యంత్రానికి కావాలి. చూపుడువేలు ఓటుకి కావాలి. మిగతావి చర్చించి, కార్మికుల సంక్షేమం దృష్ట్యా అన్నిటిలోకీ చిన్నదైన చిటికెన వేలిని ఖాయం చేశారు. కత్తి కుడిపక్క ఉంటుంది కాబట్టి కుడిచెయ్యి. కమిటీ మానవత్వంతో ఆలోచించిందని ఉత్తర్వులో ఒక వాక్యం కూడా రాశారు.

చిక్కేమిటంటే తవిటమ్మకి పెళ్ళి కుదిరి ఉంది. పెళ్ళికొడుకు ఎర్నాయుడు స్టేషను దగ్గర బస్తాలు మోసే కళాసీ. ముహూర్తం ఏప్రిల్ మొదటివారంలో పెట్టారు. పెళ్ళిలో వరుడు వధువు చిటికెన వేలు పట్టుకోవాలి కదా. ఎర్నాయుడి తల్లి ఆదివారం పూట మిల్లు గేటుకి వచ్చి ఉపేంద్రనే నిలదీసింది.

"ముహూర్తం యేలకి ఆ ఏలు ఉంటాదా ఉండదా, ఒక్క ముక్క సెప్పీండి."

ఉపేంద్ర క్యాలెండరు చూసి, మార్చి ముప్పై ఒకటిలోగా వినియోగం పూర్తి కావాలి కనుక ఉండే అవకాశం లేదని మర్యాదగా చెప్పాడు. ఆమె పురోహితుడి దగ్గరికి వెళ్ళి ముహూర్తం ముందుకి జరపమని అడిగింది. ముందు ముహూర్తాలు లేవన్నాడాయన. తిరిగొచ్చి ఏప్రిల్ దాకా ఆగమని మిల్లుని అడిగింది. ఏప్రిల్ వస్తే వేరే బడ్జెట్ అన్నారు. ఆకాశంలో గ్రహాలూ ఆఫీసులో ఏడాదీ రెండూ కదలవని తేలాక ఆమె ఆఫీసు మెట్టు మీద కూలబడిపోయింది.

ఎర్నాయుడు మాత్రం, "ఏలు నేకపోతే సెయ్యట్టుకుంటాను. నువ్వు బెంగెట్టుకోకు" అన్నాడు. ఆ మాటకి తవిటమ్మకి ధైర్యం రావాల్సింది పోయి ఏడుపొచ్చింది. తన వేలు తనకి కావాలి. పెళ్ళి కోసమే కాదు. పుట్టినప్పటి నుంచీ ఉన్నది, ఇప్పుడెందుకు పోవాలి?

ఉద్యోగం మానేస్తానంది. మానుకోవచ్చు గానీ, వెళ్ళేవాళ్ళు మిల్లుకి చెందినవన్నీ అప్పజెప్పి వెళ్ళాలని, మంజూరైన వేలు కూడా అందులోకే వస్తుందని సన్యాసినాయుడు తల వంచుకుని చెప్పాడు.

ఇక ఆమె చెయ్యగలిగింది ఒక్కటే. చిటికెన వేలిని అరచేతిలోకి మడిచి, పాతగుడ్డతో కట్టి, ఆ చేత్తోనే పట్టా అందించేది. రెండురోజులకే మెమో ఇచ్చారు. కేటాయించిన వేలిని పనిస్థలంలో దాచి ఉంచుట క్రమశిక్షణారాహిత్యమని. కట్టు విప్పింది. ఆ రోజు నుంచి ఆమెని కోత యంత్రం దగ్గర తప్ప ఇంకెక్కడా పెట్టలేదు. వేరేవాళ్ళని దాని దరిదాపులకి రానివ్వలేదు. ఉపేంద్ర రోజూ కాసేపు వచ్చి, దూరంగా నిలబడి, చూసి వెళ్ళిపోయేవాడు. రైలు ఆలస్యమైన ప్రయాణికుడిలా ఉండేది ఆయన ముఖం.

ఇంట్లో పసుపు కొట్టే రోజు వచ్చింది. పెళ్ళికూతురు లేకుండా కొట్టరు కదా. ఒక్క పూట సెలవు అడిగితే, సన్యాసినాయుడు ఆ పూటకి తనే జవాబుదారీ అని సంతకం పెట్టి పంపించాడు. అయితే సంచుల ఆర్డరు ఆగేది కాదు. ఎవరో ఒకరు పట్టా అందించాలి. గురమ్మ వచ్చి కూర్చుంది. ఈ మంజూరు లేని వేళ్ళని కత్తి ముట్టుకోదులే, రూలు ఒప్పుకోదు అని అందరినీ నవ్వించింది.

కత్తికి రూల్సు తెలియవు. పట్టా మెలిపడింది, గురమ్మ చెయ్యి దానితో పాటు లోపలికి వెళ్ళింది. యంత్రం ఆపేసరికి ఆమె కుడిచేతి చిటికెన వేలు సగానికి పైగా లేదు. ఆడవాళ్ళు చుట్టూ చేరి కొంగు చింపి కట్టారు. గురమ్మ నేల మీద కూర్చుంది. తరువాత అన్నది ఒక్కటే మాట.

"తవిటికి సెప్పకండి. పసుపు కొడతంది."

సన్యాసినాయుడు ఆఫీసుకి పరిగెత్తాడు. మిల్లు ఆసుపత్రిలో చేర్చుకోవాలంటే ప్రమాద అధికారి చీటీ కావాలి. వేలు తెగిందని వినగానే ఉపేంద్ర ముఖం వెలిగింది. పేరు విన్నాక ఆరిపోయింది.

"ఇది అంచనాలో లేని ప్రమాదం" అన్నాడు.

రక్తం కారిపోతోందని సన్యాసినాయుడు అన్నాడు. రక్తం కారడాన్ని తాను కాదనడం లేదనీ, ఏ పద్దు కింద కారుతోందన్నదే ప్రశ్న అనీ ఉపేంద్ర అన్నాడు. గురమ్మకి చీటీ ఇస్తే ఒక వేలు ఖర్చయినట్టు. తవిటమ్మ వేలు ఇంకా వినియోగం కావలసే ఉంది. మంజూరైంది ఒకటి, ఖర్చు రెండు. మొన్నటిదాకా తక్కువని అడిగినవాళ్ళే ఇప్పుడు ఎక్కువని అడుగుతారు. ఈలోగా గురమ్మని మోసుకొచ్చి ఆఫీసు వరండాలో బల్ల మీద పడుకోబెట్టారు. కట్టు గుడ్డ తడిసి, బొట్లు బల్ల కిందికి రాలుతున్నాయి. దండపాణి వచ్చి చూసి, ఇంత పనితనం ఉన్న మనిషి పద్దు చూసుకోకుండా ఇలా ఎలా చేసిందని బాధపడ్డాడు.

చెప్పొద్దన్నా కబురు ఆగదు. తవిటమ్మ మోచేతుల దాకా పసుపుతో పరిగెత్తుకొచ్చింది. వరండాలో గురమ్మని చూడగానే ఆమెలో తన వేలు దక్కిందన్న సంతోషం కదిలింది. అది కదిలినందుకు ఆమెకి చచ్చేంత సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఇన్నేళ్ళలో ఎన్నడూ దాటని ఆఫీసు గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది.

"నాకు మంజూరు సేసిన ఏలు అప్పకి ఇచ్చీసినాను. రాసుకోండి. ముందు ఆసుపత్రి సీటీ ఇవ్వండి."

మంజూరైన వేలు మనిషి నుంచి మనిషికి ఇచ్చుకోవడానికి వీల్లేదని ఉపేంద్ర అన్నాడు. తవిటమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది. చీటీ ఇచ్చేదాకా ఎవరినీ బయటికి పోనివ్వనంది. ఆమె వెనక సంచుల విభాగమంతా వచ్చి నిలబడింది. మిల్లులో యంత్రాలన్నీ ఆగిపోయి, ఎప్పుడూ వినబడని పిచ్చుకల గొంతు వినబడింది.

అప్పుడు దండపాణికి దారి దొరికింది. ఆయన భార్య బడిపంతులమ్మ. ఇద్దరు పంతుళ్ళు ఒకరి ఊరికి ఒకరు మారే పరస్పర బదిలీ సంగతి ఆయనకి బాగా తెలుసు. వేలి కేటాయింపు మార్చడానికి వీల్లేదు సరే, వేళ్ళనే పరస్పరం బదిలీ చేస్తే అడ్డేముంది? తవిటమ్మ చిటికెన వేలు గురమ్మ చేతికి వెళుతుంది, గురమ్మది తవిటమ్మ చేతికి వస్తుంది. ఈ బదిలీ నిన్నటి తేదీతో జరిగినట్టు రాస్తే, ఇవాళ గురమ్మ చేతికి తెగిన వేలు తవిటమ్మదే అవుతుంది. మంజూరైన వేలే తెగింది. లెక్క సరిపోయింది.

ఉపేంద్ర లేచి నిలబడి దండపాణికి నమస్కారం పెట్టాడు. గురమ్మ ఎడమ బొటనవేలితో ముద్ర వేసింది. తవిటమ్మ పసుపు వేలితో ముద్ర వేసింది. చీటీ ఇచ్చారు. దానితో పాటు ఒక షరతు కూడా చదివి వినిపించారు. ప్రస్తుతం తవిటమ్మ చేతికి ఉన్న చిటికెన వేలు గురమ్మకి చెందినది కనుక, సదరు యజమాని అనుమతి లేకుండా దానిని ఏ పనికీ వినియోగించరాదు. వినియోగించినచో బదిలీ రద్దయి, గురమ్మ వైద్యం ఆపివేయబడును.

వినియోగం పూర్తయినట్టు పత్రం వెళ్ళింది. ముందుగా అంచనా వేసిన ప్రమాదం, అంచనా వేసిన యంత్రం దగ్గర, అంచనా వేసిన గడువులోగా జరగడం దేశంలో ఏ మిల్లూ సాధించలేదని పెద్దాఫీసు నుంచి అభినందన వచ్చింది. ప్రమాదం జరిగింది కాబట్టి ఇప్పుడు నివారణ చర్య కూడా తీసుకున్నారు. జాలీ తెప్పించి, కొబ్బరికాయ కొట్టి, దండపాణి చేత రిబ్బను కత్తిరింపించారు. ప్రమాద బాధితురాలిగా తవిటమ్మని కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. గురమ్మని పిలవలేదు. రికార్డు ప్రకారం ఆమెకి ఏమీ కాలేదు.

పెళ్ళి అనుకున్న రోజునే జరిగింది. మర్యాదకి పిలిస్తే దండపాణి, ఉపేంద్ర నిజంగానే వచ్చారు. ముందు వరసలో కూర్చుని, వచ్చే ఏడాది అంచనాల గురించి మాట్లాడుకున్నారు. కోత యంత్రానికి జాలీ పడింది గనుక రిస్కు మగ్గాల వైపు జరిగిందట. ఈసారి రెండు మంజూరు కావచ్చట.

పురోహితుడు అమ్మాయి చిటికెన వేలు అందించమన్నాడు. తవిటమ్మ చెయ్యి చాపింది గానీ వేలు మడిచే ఉంచింది. మళ్ళీ చెప్పాడు. వేలు చాపితే వైద్యం ఆగిపోతుంది. గురమ్మ చేతికి ఇంకా కుట్లు విప్పలేదు. ఎర్నాయుడు ఆమె మణికట్టు పట్టుకోబోయాడు. అతని తల్లి శాస్త్రం ఒప్పుకోదని ఆపింది. మేళం ఆగి ఆగి మోగుతోంది. ముందు వరసలో ఉపేంద్ర మెడ కొంచెం ముందుకి చాపి, ఆమె చేతినే చూస్తున్నాడు.

ఆడవాళ్ళ మధ్య నుంచి గురమ్మ లేచింది. కట్టుకట్టిన చెయ్యి ఎత్తి పెళ్ళికొడుకుతో అన్నది.

"పట్టుకో బావూ. అది నా ఏలే. నానే ఇస్తన్నాను. జాగర్తగా సూసుకో, ఇంకోటి నేదు నాకు."

పందిరంతా ఉపేంద్ర వైపు తిరిగింది. యజమాని స్వయంగా, సాక్షుల ఎదుట అనుమతి ఇచ్చినందువల్ల అభ్యంతరమేమీ లేదని ఆయన తల ఊపాడు.

తవిటమ్మ వేలు విప్పింది. షరతు చదివిన రోజు నుంచీ మడిచే ఉంచడం వల్ల అది సరిగ్గా చాచుకోలేదు. ఎర్నాయుడు దాన్ని అలాగే, వంకరగానే, తన వేలిలోకి తీసుకున్నాడు. గురమ్మ కట్టు మీద అక్షింతలు పోసుకుని ఎడమచేత్తో గట్టిగా విసిరింది. ఎడమచేతి వాటం అలవాటు లేక సగం ముందు వరస మీద పడ్డాయి. పెద్దమనుషులిద్దరూ దీవెన తమకే అనుకుని చేతులు జోడించారు.